కొల్లేరు నష్టం ఎవరి పద్దు?

2020 డిసెంబరు మొదటి వారంలో ఏలూరు వన్‌టౌన్ వీధుల్లో మనుషులు ఉన్నట్టుండి కుప్పకూలిపోయారు. ఫిట్స్, నోట నురగ, కాసేపు స్పృహ తప్పడం, కొన్ని గంటలకు తేరుకోవడం. వారం పది రోజుల్లో ఆరు వందల మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. ఒకరు చనిపోయారు. బాధితుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయని ఢిల్లీ ఎయిమ్స్ మొదట చెప్పింది. ఆ తర్వాత ఎయిమ్స్, జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ (నీరి) నిపుణులు పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణం కావచ్చన్నారు. అవి ఒంట్లోకి ఏ దారిన చేరాయో మాత్రం జనానికి అర్థమయ్యేలా ఎవరూ తేల్చలేదు. మందు తయారుచేసిన కంపెనీ ఉంది, దానికి లైసెన్సు ఉంది. అమ్మిన దుకాణం ఉంది, దానికీ లైసెన్సు ఉంది. కొట్టిన రైతుకు పంట దక్కించుకోక తప్పదు. నీళ్ళు వదిలిన నగరపాలక సంస్థ తన పరీక్షలు తాను చేసింది. ఎవరి పని వారు చట్టం ఒప్పుకున్న మేరకే చేశారని అనుకుందాం. అయినా ఆరు వందల మంది పడిపోయారు. ఆ నష్టాన్ని ఎవరి పద్దులో రాయాలి?

వ్యాపార నీతి గురించి మాట్లాడుకునేటప్పుడు మనం ఎక్కువగా దొంగ దొరికిపోయిన కేసులనే ఎంచుకుంటాం. కల్తీ నూనె, దొంగ లెక్కలు, డిపాజిట్లు ఎగ్గొట్టిన కంపెనీ, లంచం తిన్న అధికారి. వీటిలో తప్పెవరిదో తెలుసు, శిక్ష పడిందా లేదా అన్నదొక్కటే మిగిలిన ప్రశ్న. అంతకన్నా కష్టమైన తప్పు ఇంకొకటి ఉంది. అది పదిమంది చేతుల మీదుగా, పది చిన్న ముక్కలుగా, చాలావరకు రసీదులతో సహా జరిగిపోతుంది. ఏ ముక్క చేసినవాడికీ మొత్తం తన నెత్తి మీద ఉన్నట్టు అనిపించదు. ఏలూరు జిల్లాలో అలాంటి తప్పుల్లోకెల్లా పెద్దది కొల్లేరు సరస్సుకు జరుగుతున్న నష్టం. దీని బాధ్యత సరస్సులో చేపల చెరువు తవ్వినవాడి దగ్గర మొదలై అక్కడే ఆగిపోదని, మధ్యలో నిలబడి అప్పు ఇచ్చినవారు, కొలత వేసినవారు, మందు రాసిచ్చినవారు, సరుకు పాసు చేసినవారు తమకు తెలిసిన దాన్ని బట్టి అందులో వాటా మోయాలని, ఆ వాటాను గుడికో బడికో ఇచ్చే విరాళంతో చెల్లు వేసుకోవడం కుదరదని ఈ వ్యాసం వాదన.

ముందు ఆ నీటి సంగతి చూడాలి. చింతలపూడి మెట్టలో నాగిరెడ్డిగూడెం దగ్గర తమ్మిలేరు మీద కట్టిన రిజర్వాయరు ఉంది. ఆ ఏరు మెట్ట చేలను దాటుకుని దిగువకు వచ్చి, ఏలూరు దగ్గర పాయలుగా చీలి, ఊరి మురుగును కూడా కలుపుకొని కొల్లేరులో పడుతుంది. పడమటి నుంచి బుడమేరు, రామిలేరు వస్తాయి. ఇవి కాక రెండు డెల్టాల మురుగు కాలువలు డజన్ల కొద్దీ ఉన్నాయి. ఇంత నీటికీ సముద్రం వైపు దారి ఒక్క ఉప్పుటేరే, అదీ అరవై కిలోమీటర్ల దూరం. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఏర్పడిన ఈ సరస్సు వరదను పట్టి నిదానంగా వదిలే సహజ జలాశయం. నీరు ప్లస్ 5 కాంటూరు (సముద్ర మట్టానికి ఐదు అడుగుల ఎత్తు గీత) దాకా నిండితే 308 చదరపు కిలోమీటర్లు, ప్లస్ 10 దాకా నిండితే 901 చదరపు కిలోమీటర్లు పరుచుకుంటుంది. ఈ కాంటూరు అంకెలు ఇక్కడ అక్షరం రానివారికి కూడా కంఠతా వచ్చు. భూమి ఏ అంకెకు ఇవతల ఉంది, ఏ అంకెకు అవతల ఉంది అన్నదాన్ని బట్టే మనిషి రైతో ఆక్రమణదారుడో తేలుతుంది కాబట్టి.

1970ల్లో జలగం వెంగళరావు ప్రభుత్వం మత్స్యకారులతో, దళితులతో సహకార సంఘాలు పెట్టించి సరస్సులో చేపల చెరువులు తవ్వించింది. మావులు, వలలతో బతికే కుటుంబాలకు స్థిరమైన ఆదాయం ఉండాలన్నది ఉద్దేశం. అందులో తప్పుపట్టేదేమీ లేదు. కానీ చేపల సాగుకు పెట్టుబడి కావాలి, అది సంఘాల దగ్గర లేదు. ఏళ్ళు గడిచేకొద్దీ సంఘం పేరు కాగితం మీద మిగిలి, చెరువు లీజుదారుల చేతిలోకి వెళ్ళింది. 1999 అక్టోబరులో ప్రభుత్వం ప్లస్ 5 కాంటూరు వరకు వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. 2002 ఆగస్టులో కొల్లేరు రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలోకి ఎక్కింది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాల మీద ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో పొక్లెయిన్లు దించి గట్లు తెంచారు. రెండేళ్ళు తిరక్కుండానే, 2008లో, అభయారణ్యాన్ని ప్లస్ 3కి కుదించాలని శాసనసభ తీర్మానం చేసింది. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ కుదించవద్దంది. ఈలోగా తెంచిన గట్లు చాలాచోట్ల మళ్ళీ లేచాయి. 2025లో సుప్రీంకోర్టు సాధికార కమిటీ మరోసారి కొల్లేరు చూడటానికి రావలసి వచ్చింది. ఇరవై ఏళ్ళలో చట్టం మారలేదు, కోర్టు మాట మారలేదు. అయినా చెరువులు తిరిగి వచ్చాయంటే వాటిని నిలబెడుతున్న శక్తి ఒక్క ఆక్రమణదారుడి మొండితనం మాత్రమే కాదు.

ఒక చెరువు ఎలా పుడుతుందో దగ్గరగా చూస్తే ఆ శక్తి ఏమిటో తెలుస్తుంది. పట్టా ఉన్నవాడో, సంఘ సభ్యుడో లీజు కాగితం మీద సంతకం చేస్తాడు. పొక్లెయిన్ యజమాని గంటకు ఇంత అని మాట్లాడుకుని గట్టు పోస్తాడు. ఏరేటర్లు తిరగాలంటే కరెంటు కనెక్షన్ కావాలి, దానికి ఒక అంచనా, ఒక సంతకం. పిల్ల ఇచ్చే హేచరీ, మేత అరువిచ్చే డీలరు, పంట మీద ముందే డబ్బిచ్చి కట్టేసుకునే కమీషన్ ఏజెంటు, ఇంకో ఊళ్ళో ఉన్న భూమి పాసుపుస్తకం చూసి అప్పు మంజూరు చేసే బ్యాంకు. నీటి రంగు చూసి, చెక్ ట్రే పైకి లాగి మిగిలిన మేతను వేళ్ళతో తడిమి, ఈ డబ్బా వెయ్యండి, ఆ సీసా పొయ్యండి అని చెప్పే ఆక్వా కన్సల్టెంటు. పట్టుబడి రోజు థర్మాకోల్ పెట్టెల్లో ఐసు నింపే కూలీలు, హౌరాకో గౌహతికో బయలుదేరే లారీ. ఇక చెరువు ఖాళీ అయిన రోజున అడుగు బురదతో, మిగిలిపోయిన మందులతో ఆ నీరు కాలువలోకి పోతుంది. కింద చెరువువాడు మోటారు పెట్టి తోడుకునేది ఆ కాలువ నుంచే. ఇందరిలో ఎవరిని అడిగినా తన పని గురించి నిజాయితీగానే చెబుతారు: నేను గట్టు పోశాను, నేను అప్పు ఇచ్చాను, నేను మేత అమ్మాను, సరస్సును నేను పాడు చేయలేదు. ఎవరి మటుకు వారు నిజమే చెబుతున్నారు. మొత్తం కలిపి చూస్తే మాత్రం అది నిజం కాదు.

ఇందరిలో బాధ్యత సమానం కాదు. ఐసు పెట్టె మోసే కూలీని, సర్వేయరును ఒకే గాటన కట్టడం అన్యాయం. తేడా చూపేది రెండు విషయాలు: ఎంత తెలుసు, కాదనే వీలు ఎంత ఉంది. ఆ భూమి ఏ కాంటూరులో ఉందో సర్వేయరుకు తెలుసు, తెలుసుకోవడమే అతని వృత్తి. తాకట్టు పెట్టిన భూమి ఒకచోట, డబ్బు ఖర్చయ్యేది ఇంకొకచోట అని బ్యాంకు ఫీల్డు ఆఫీసరుకు తెలుసు. సీసాలో ఏ మందు ఉందో, అది రొయ్య కండలో ఎన్నాళ్ళు నిలుస్తుందో కన్సల్టెంటుకు తెలుసు, లేదా తెలిసి ఉండాలి. వృత్తి నిపుణుడికి సమాజం ఫీజు ఇచ్చేది అతని చేతి పనికే కాదు. సామాన్యుడు చూడలేనిది అతను చూస్తాడని, చూసినది చెబుతాడని. లైసెన్సు, డిగ్రీ, రబ్బరు స్టాంపు ఆ నమ్మకానికి గుర్తులు. తెలిసీ అడగకపోవడం వృత్తికే ద్రోహం. అడిగితే పని పోతుందన్న భయం నిజమైనదే, దాని సంగతి తర్వాత చూద్దాం. కానీ అడగకుండా పెట్టిన సంతకం కూడా ఒక నిర్ణయమే, దాని ఫలితంలో వాటా ఉంటుంది.

మందుల విషయంలో ఈ సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ జాతి యాంటీబయాటిక్స్ ఆక్వా సాగులో నిషిద్ధం. యూరప్ కొనుగోలుదారు వాటి అవశేషాన్ని కిలోకు ఒక మైక్రోగ్రాములోపు స్థాయిలో వెతుకుతాడు. 2016లో యూరోపియన్ యూనియన్ మన సాగు రొయ్యల సరుకులో తనిఖీ చేసే వాటాను 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. ఆ దెబ్బతో పట్టుబడికి ముందే నమూనా తీసి పరీక్ష చేయించడం, సర్టిఫికెట్ చూడందే కొనకపోవడం యూరప్ సరుకుకు అలవాటైంది. అంటే పరీక్ష చేయడం మనకు చేతకాని పని కాదు. యంత్రాలు ఉన్నాయి, మనుషులు ఉన్నారు, పద్ధతి తెలుసు. అదే కాలువ నీటితో పెరిగిన బొచ్చె, శీలావతి, పంగస్ మన బజారుకు, ఈశాన్య రాష్ట్రాలకు వెళ్ళేటప్పుడు ఆ శ్రద్ధలో పదో వంతు కూడా ఉండదు. 2018 జులైలో ఆంధ్రా చేపల్లో ఫార్మలిన్ ఉందంటూ అస్సాం కొన్నాళ్ళ పాటు దిగుమతి ఆపేసింది. మనవాళ్ళు కాదన్నారు. లారీ బయలుదేరే చోటే పరీక్ష జరిపి కాగితం చేతికిచ్చి ఉంటే కాదనాల్సిన అవసరమే వచ్చేది కాదు. కోడి మాంసం వ్యర్థాలను చేపలకు మేతగా వేయకూడదని నిషేధం ఉంది. వాటిని మోసుకెళ్తున్న వ్యాన్లు పట్టుబడిన వార్తలు జిల్లా పేజీల్లో తరచూ కనిపిస్తూనే ఉన్నాయి. బ్రస్సెల్స్‌లో తినేవాడి ప్రాణానికి ఒక కొలత, కైకలూరులో తినేవాడి ప్రాణానికి ఇంకో కొలత ఉన్న వ్యాపారాన్ని బాధ్యత గల వ్యాపారమని ఎలా అంటాం? బలమున్న కొనుగోలుదారు దగ్గరే మనకు నీతి గుర్తొస్తోందన్నది ఇక్కడ బాధ కలిగించే సంగతి.

పెద్ద ప్లాంట్లలోనూ ఇదే చిక్కు. 2024 మార్చిలో, కోనసీమలోని ఒక రొయ్యల ఎగుమతి ప్లాంటులో జనరల్ మేనేజరుగా పనిచేసిన అమెరికన్ ఒకరు లోపలి పత్రాలు, రికార్డింగులు పాత్రికేయుల చేతికిచ్చాడు. యాంటీబయాటిక్ ఉందని తేలిన సరుకును కూడా అమెరికాకు పంపారని, వలస కార్మికులను దుర్భరమైన వసతుల్లో ఉంచారని అతని ఆరోపణ. కంపెనీ దాన్ని ఖండించింది. ఎవరి మాట నిజమన్నది ఇక్కడ తేల్చే విషయం కాదు. ఆ కుర్చీలో ఒక తెలుగువాడు ఉండి ఉంటే ఏం చేయగలిగేవాడన్నది ప్రశ్న. మన దేశంలో 2014లో విజిల్ బ్లోయర్ల రక్షణ చట్టం చేశారు. అది ప్రభుత్వ యంత్రాంగంలోని అవినీతి ఫిర్యాదులకు సంబంధించినది, దాన్ని కూడా అమల్లోకి తేలేదు. ప్రైవేటు ప్లాంటు ల్యాబ్‌లో నమూనా చెడ్డదని రాసిన కెమిస్టుకు, రాసినందుకు ఉద్యోగం పోతే, దిక్కెవరు? భీమవరం, ఏలూరు చుట్టూ ఈ పరిశ్రమలో ఉద్యోగాలిచ్చే యజమానులు ఒకరికొకరు తెలిసినవారే. ఒకచోట నోరు తెరిస్తే ఇంకోచోట తలుపు మూసుకుపోతుంది. కాబట్టి నిపుణుడిని ధైర్యంగా ఉండమని చెప్పి ఊరుకుంటే సరిపోదు. ఆ ధైర్యానికి వృత్తి సంఘం అండ ఉండాలి. లాయర్లకు బార్ కౌన్సిల్, డాక్టర్లకు మెడికల్ కౌన్సిల్ ఉన్నట్టు, వాటిలో ఎన్ని లోపాలున్నా, ఆక్వా కన్సల్టెంటును ప్రశ్నించడానికి గానీ కాపాడటానికి గానీ అలాంటి సంస్థ లేదు. చెరువు గట్టు మీద సలహా చెప్పేవాడికి ఏ అర్హత ఉండాలన్న పట్టింపు కూడా అరుదు.

ఇక అభ్యంతరాలు. మొదటిదీ బలమైనదీ బతుకుతెరువు. 2023-24లో దేశం నుంచి సముద్ర ఉత్పత్తుల ఎగుమతి విలువ 60 వేల కోట్ల రూపాయలు దాటింది, అందులో ఘనీభవించిన రొయ్యలే 40 వేల కోట్లు. ఈ రంగంలో ఆంధ్రప్రదేశ్‌దే అగ్రస్థానం. హేచరీ నుంచి ఐసు ఫ్యాక్టరీ దాకా లక్షల మంది దీని మీద బతుకుతున్నారు. పక్షుల కోసం మనుషుల పొట్ట కొడతారా అని అడుగుతారు. ఇది న్యాయమైన ప్రశ్నే, కానీ లెక్క సగమే చూపిస్తుంది. మొదటి సంగతి, రాష్ట్రంలోని ఆక్వా సాగంతా కొల్లేరు అభయారణ్యంలో లేదు. ప్లస్ 5 లోపలి చెరువులను కాదంటే పరిశ్రమ కూలిపోతుందనడం అతిశయోక్తి. రెండో సంగతి, సరస్సు వల్ల బతికే మనుషులు కూడా మనుషులే. సొంత పడవ, వల ఉన్న వడ్డి కులపు మత్స్యకార కుటుంబాలు కొరమీను, జెల్ల, ఇంగిలాయి పట్టుకుని బతికిన నీళ్ళలో ఇవాళ గట్లు లేచాయి, ఆ గట్ల మీద వారే కూలికి కాపలా ఉంటున్నారు. చుట్టూ నీళ్ళున్న లంక ఊళ్ళలో తాగడానికి టిన్ను నీళ్ళు కొనుక్కుంటున్నారు. ఆ ఖర్చు ఏ చెరువు లాభనష్టాల పట్టీలోనూ కనిపించదు. ఎగుమతి అంకెలో కనిపించే డబ్బు నిజమే, కానీ దానికోసం పక్కవాడు చెల్లించినది తీసేయకుండా దాన్ని లాభమని పిలవడం తప్పుడు లెక్క. అక్కినేని కుటుంబరావు ‘కొల్లేటి జాడలు’ నవలలో నమోదు చేసిన జీవితం అలా పద్దుల్లోకి ఎక్కకుండా పోయినదే.

మూడో సంగతి వరద. 2024 సెప్టెంబరు 1న బుడమేరు విజయవాడను ముంచింది. దానికి మొదటి కారణం ఎగువన పడిన గండ్లు, ఏటి దారిలో లేచిన కట్టడాలు. నేరమంతా కొల్లేరు గట్ల మీదకు నెట్టడం న్యాయం కాదు. కానీ ఆ నీరు చివరికి చేరాల్సింది కొల్లేరుకే. చేరిన నీరు పరుచుకోవడానికి చోటు లేక, గట్ల మధ్య నిలిచి, కైకలూరు, మండవల్లి వైపు ఊళ్ళను రోజుల తరబడి ముంచింది. వరద నిలవాల్సిన చోట చేప నిలిస్తే వరద ఇళ్ళలో నిలుస్తుంది. అప్పుడు ఇళ్ళు మునిగినవారికి పక్షులతో తగాదా లేదు, చెరువులో వాటా కూడా లేదు.

ఇంకో అభ్యంతరం వింటుంటాం: లీజుకు ఇచ్చింది స్థానికులే కదా, వారు వద్దంటే ఎవరు తవ్వగలరు? అవును, ఇచ్చారు. ఆపరేషన్ కొల్లేరు నాడు గట్లు తెంచుతుంటే ఏడ్చినవారిలో పేదలే ఎక్కువ, అదీ నిజమే. కానీ పెట్టుబడి లేనివాడు ఏడాదికోసారి వచ్చే లీజు డబ్బుకు ఒప్పుకోవడం, పెట్టుబడి ఉన్నవాడు పది చెరువులు కలిపి లాభం తీసుకోవడం ఒకే రకం ఒప్పుకోలు కావు. మొదటివాడికి ఇంకో దారి లేదు. పైగా అభయారణ్యంలో జిరాయితీ భూములున్నవారికి రావాల్సిన పరిహారం ఏళ్ళకేళ్ళుగా నానుతోంది. భూమి మీద హక్కును చట్టం బిగించింది, సొమ్ము మాత్రం చేతికి రాలేదు. అలాంటి మనిషి లీజుకు ఇస్తే ముందుగా అడగాల్సింది ప్రభుత్వాన్ని. ఈ ఒక్క విషయంలో ఆక్రమణదారులని ముద్ర వేసి అందరినీ కలిపి తిట్టే పర్యావరణవాదుల తీరు కూడా సరికాదు.

మూడో అభ్యంతరం చిన్న రైతుది. రెండెకరాల చెరువువాడు మురుగు నీటిని శుద్ధి చేసే గుంట ఎక్కడ తవ్వుతాడు? మేత ధర పెరిగింది, తెగుళ్ళు పెరిగాయి. 2025 ఆగస్టులో అమెరికా సుంకాన్ని 50 శాతానికి పెంచగానే రొయ్య ధర పడిపోయిన భారం మొదట గట్టు మీద ఉన్నవాడి మీదే పడింది. ఇలాంటివాడికి నీతి బోధించడం క్రూరం. కానీ ఈ వాదన నిజానికి నా వాదనకే బలం. నష్టం వచ్చినప్పుడు కిందికి తోసేసే గొలుసు, లాభం వచ్చినప్పుడు పైన ఎవరి దగ్గర ఆగుతోందో చూడండి. మేత కంపెనీ, మందుల కంపెనీ, ఎగుమతిదారు చేతుల్లో డబ్బు, శాస్త్రజ్ఞులు, ల్యాబులు ఉన్నాయి. ఒక కాలువ మీద ఉన్న యాభై చెరువులకు కలిపి ఒక నిలవ గుంట, ఒక నీటి పరీక్ష ఏర్పాటు చేయడం ఒక్క రైతు వల్ల కాదు, వారి వల్ల అవుతుంది. టన్నుకు ఇంత అని సరుకు మీద తీసి ఆ ఖర్చుకు పెట్టడం కొత్త ఆలోచనేమీ కాదు. వ్యవసాయ మార్కెట్ సెస్సు వసూలు చేసే రాష్ట్రంలో ఇది అసాధ్యమనడం నమ్మదగ్గ మాట కాదు.

ఇదంతా ప్రభుత్వం చూసుకోవాల్సిన పని, వ్యాపారి పన్ను కట్టి చట్టం పాటిస్తే చాలదా అని అడిగేవారూ ఉన్నారు. 2020లో రాష్ట్రం ఆక్వాకల్చర్ అభివృద్ధి సంస్థ చట్టం చేసింది, సాగుకు లైసెన్సు కావాలంది. మేత నాణ్యతకు వేరే చట్టం ఉంది. చట్టాలకు లోటు లేదు. చట్టాన్ని పాటించాల్సినవాళ్ళే అభయారణ్యాన్ని కుదించమని ఒత్తిడి తెస్తే, శాసనసభే అందుకు తలవంచితే, చట్టం పాటించామన్న మాటకు విలువ ఎంత? 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను పెద్ద కంపెనీలను లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు పెట్టమంది. 500 కోట్ల నికర విలువో, 1000 కోట్ల టర్నోవరో, 5 కోట్ల నికర లాభమో ఉన్న కంపెనీకే అది వర్తిస్తుంది. సొంత పేరు మీదో, భాగస్వామ్యం మీదో నడిచే లీజుదారుడికి, కమీషన్ ఏజెంటుకు దానితో పని లేదు. వర్తించిన చోట కూడా అది లాభం వచ్చాక ఎలా పంచాలో చెబుతుంది, లాభం ఎలా వచ్చిందో అడగదు.

ఈ గడ్డ దానానికి పెట్టింది పేరు. ఏలూరులో 1945లో మొదలైన సి.ఆర్.రెడ్డి కాలేజీ దగ్గర నుంచి ఊరూరా ఉన్న హైస్కూళ్ళు, సత్రాలు, ఆసుపత్రి వార్డులు దాతల చలవే. వాటిలో చదివి పైకి వచ్చిన తరాలు ఆ రుణం మరువకూడదు. కానీ ఆ దాతృత్వమే ఇవాళ ఒక ఇబ్బంది తెచ్చింది. వ్యాపారి మంచితనాన్ని మనం శిలాఫలకం మీద చదవడం నేర్చుకున్నాం, అతని చెరువు తూము దగ్గర చదవడం నేర్చుకోలేదు. కల్యాణ మండపం కట్టించిన మనిషిని కాలువలోకి ఏం వదిలావని అడగడం ఊళ్ళో మర్యాద కాదు. విరాళం ఇచ్చే చేయి, తూము ఎత్తే చేయి ఒకటే అయినప్పుడు రెండో దాని గురించి మొదట అడగాలి. సామాజిక బాధ్యత అంటే వ్యాపారం చేసే తీరులోనే ఉండాల్సినది, వ్యాపారం ముగిశాక విడిగా చేసే పుణ్యకార్యం కాదు.

మంచిగా ఉంటే చివరికి లాభమే వస్తుందని మేనేజిమెంటు పుస్తకాలు చెబుతాయి. కొంతవరకు నిజం. 1990ల మధ్యలో తెల్లమచ్చ తెగులు టైగరు రొయ్యను తుడిచిపెట్టినప్పుడు, ఒకరి మురుగు ఇంకొకరు తోడుకునే పద్ధతే దాన్ని చెరువు నుంచి చెరువుకు మోసింది. ఆ పాఠం రైతులు డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నారు. కానీ ఈ మాట మీద పూర్తిగా ఆధారపడటం ప్రమాదం. కొల్లేరులో నష్టపోయేవారు, లాభపడేవారు ఒకరే కారు. కాపలా కూలీ ఇంట్లో తాగే నీళ్ళు చెడిపోయినందువల్ల లీజుదారుడి పంట తగ్గదు. సరస్సు దగ్గరి ఆటపాకకు వచ్చే గూడబాతులు తగ్గినా రొయ్య కౌంటు ధర మారదు. స్వలాభం కాపాడని చోట కూడా కాపాడాల్సినవి ఉంటాయి. వాటికోసమే నీతి అవసరం.

దారి లేదనుకోనక్కర్లేదు. ఒడిశాలో చిలికా సరస్సు పరిస్థితి ఇంతకన్నా దారుణంగా ఉండి, 1993లో ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల జాబితాకు ఎక్కింది. 2000లో సముద్రానికి కొత్త ముఖద్వారం తెరిచారు. మత్స్యకారులను కలుపుకొని పనిచేసే అభివృద్ధి సంస్థ అక్కడ ఉంది. 2002లో ఆ జాబితా నుంచి చిలికా బయటపడింది. ఉమ్మడి వనరును వాడుకునేవారే తమలో తాము కట్టుబాట్లు పెట్టుకుని కాపాడుకోగలరని ప్రపంచం నలుమూలల నుంచి ఉదాహరణలు చూపిన ఎలినార్ ఓస్ట్రమ్‌కు 2009లో అర్థశాస్త్ర నోబెల్ వచ్చింది. ఆమె గుర్తించిన నియమాల్లో ముఖ్యమైనది ఒకటి: వాడుకునేవాడు ఎంత వాడాడో పక్కవాడికి కనిపించాలి. కొల్లేరులో ఇవాళ లేనిది ఆ కనిపించడమే. ఏ చెరువు ఏ కాంటూరులో ఉంది, ఎవరి లీజు, ఎవరి అప్పు, ఏ మందు వాడారు, నీరు ఎప్పుడు వదిలారు అన్నవి ఊరి పంచాయతీ గోడ మీద ఉంటే సగం సమస్య అక్కడే తేలిపోతుంది. అందుకు కొత్త చట్టం అక్కర్లేదు.

అది ప్రభుత్వం చేసేదాకా ఆగకుండా ఈ వృత్తుల్లో ఉన్నవారు తమ బల్ల మీదే మొదలుపెట్టవచ్చు. పంట రుణాల సీజన్ వస్తుంది. బ్యాంకు మేనేజర్లు, ఆ కాగితం మీద సంతకం పెట్టేముందు డబ్బు ఏ సర్వే నంబరులో ఖర్చవుతుందో, అది ప్లస్ 5కి లోపలో బయటో రాతపూర్వకంగా అడగండి. కన్సల్టెంట్లు, దుకాణదారులు, సీసాలో ఉన్న మందు పేరు బిల్లు మీద రాసివ్వండి. ఎగుమతిదారులు, యూరప్ సరుకుకు చేయించే పరీక్షనే ఏలూరు చేపల మార్కెట్టుకు వెళ్ళే సరుకుకు కూడా చేయించండి.